తాళం చేతిలో ఉన్నవాళ్ల మీదే ఫిర్యాదు చేయాలంటే

టెక్సస్ రాష్ట్రం పడమటి కొసన పయోట్ అనే చిన్న ఊరుంది. నేరం చేశారని కోర్టు తేల్చిన పిల్లల్ని ఉంచే ప్రభుత్వ సంస్థ ఒకటి అక్కడ ఉండేది. పేరులో స్కూలు అని ఉన్నా తలుపులకు తాళాలుండేవి. 2005 మొదట్లో, అక్కడికి లెక్కలు చెప్పడానికి స్వచ్ఛందంగా వచ్చే ఒకాయనకు ఇద్దరు కుర్రాళ్లు ఒక విషయం చెప్పారు. రాత్రిళ్లు ఇక్కడ జరగకూడనివి జరుగుతున్నాయని. ఆయన ఆ మాటను సంస్థ పెద్దల దగ్గరికి తీసుకెళ్లలేదు. నేరుగా రాష్ట్ర దర్యాప్తు విభాగమైన టెక్సస్ రేంజర్స్‌కు చెప్పాడు. అదే మంచిదైంది. ఎందుకంటే ఆరోపణలు వచ్చినవాళ్లలో ఒకరు ఆ సంస్థ అసిస్టెంట్ సూపరింటెండెంట్, ఇంకొకరు ప్రిన్సిపాల్.

అంతకు ముందు నుంచే సిబ్బందిలో కొందరు పైవాళ్లకు చెబుతూ వచ్చారు. ఆ ఫిర్యాదులు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లి ఎక్కడో ఆగిపోయాయి. రేంజర్ దర్యాప్తు చేసి నివేదిక ఇచ్చాక కూడా ప్రాసిక్యూటర్లు కదల్లేదు. ఆ ఇద్దరూ రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2007 ఫిబ్రవరిలో పత్రికలు బయటపెట్టాకే రాష్ట్రం ఉలిక్కిపడింది. చివరికి ఒకరికి 2010లో 10 ఏళ్ల జైలు పడింది, రెండో వ్యక్తిని జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది.

ఈ మొత్తం వ్యవహారంలో నా కళ్లు ఆ లెక్కల మాస్టారి మీదే ఆగుతాయి. ఆయనకు జీతం ఇచ్చేది ఆ సంస్థ కాదు. సాయంత్రం అయితే గేటు దాటి ఇంటికి వెళ్లిపోతాడు. లోపలి పిల్లవాడికి అలాంటి మనిషి దొరకడం అదృష్టం. అమెరికాలో జువైనల్ డిటెన్షన్ సెంటర్లలో లైంగిక దాడుల్ని ఆపడానికి వచ్చిన నియమాల్ని దగ్గరగా చూస్తే, వాటిలో చాలా భాగం ఆ అదృష్టాన్ని హక్కుగా మార్చడానికి చేసిన ప్రయత్నమే. ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ముందుగా ఒక మాట. డిటెన్షన్ సెంటర్ అంటే కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే చోటు. కొందరు రెండు రోజులు, కొందరు నెలలు ఉంటారు. తీర్పు అయ్యాక ఎక్కువ కాలం ఉంచే సంస్థలు వేరు. మొదటి రకాన్ని ఎక్కువగా కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, నడుపుతాయి, రెండో రకాన్ని రాష్ట్రాలు. కొన్ని ప్రైవేటు చేతుల్లోనూ ఉన్నాయి. ఈ తేడా ఇప్పుడు చిన్నదిగా అనిపిస్తుంది కానీ డబ్బు, జరిమానా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎదురవుతుంది.

చట్టం, దాని లెక్కలు

2003 సెప్టెంబరులో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఒక చట్టం మీద సంతకం చేశారు. ప్రిజన్ రేప్ ఎలిమినేషన్ యాక్ట్. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో రెండు పార్టీలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న చట్టం అది. ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు కలిపి పలికితే తెలుగు చెవికి ‘ప్రియా’ అని వినిపిస్తుంది. విషయానికీ ఆ పేరుకీ పొంతనే లేదు, అయినా అక్కడ పనిచేసేవాళ్లంతా అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. చట్టం వచ్చినా, ఏ సంస్థ ఏం చేయాలో చెప్పే వివరమైన నియమాలు రావడానికి 2012 దాకా పట్టింది. పెద్దవాళ్ల జైళ్లకు ఒక వరుస, పిల్లల సంస్థలకు విడిగా ఇంకో వరుస రాశారు.

ఈ మధ్యలో ప్రభుత్వ గణాంక విభాగం ఒక పని చేసింది. పిల్లల్నే అడిగింది. హెడ్‌ఫోన్లలో ప్రశ్న వినిపిస్తుంది, తెర మీద వేలితో తాకి జవాబివ్వాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం నొక్కారో తెలియదు. 2008–09లో జరిగిన మొదటి సర్వేలో 12.1 శాతం మంది, గత ఏడాదిలో గానీ ఆ సంస్థకు వచ్చినప్పటి నుంచి గానీ తమ మీద కనీసం ఒకసారి లైంగిక దాడి లేదా దోపిడీ జరిగిందన్నారు. 2012లో అది 9.5 శాతం, 2018లో 7.1 శాతం. తగ్గింది, నిజమే. అయితే ఈ సర్వే తీర్పు తర్వాత ఎక్కువ కాలం ఉంచే సంస్థల్లో చేసింది. కొద్దిరోజులే ఉంచే డిటెన్షన్ సెంటర్ల సంగతి ఇందులో పెద్దగా కనబడదు.

ఎవరు చేశారన్న జవాబు చాలామందిని కంగారు పెట్టింది. 2018లో సిబ్బంది చేశారన్నవాళ్లు 5.8 శాతం, తోటి పిల్లలు చేశారన్నవాళ్లు 1.9 శాతం. అంటే ప్రమాదం ఎక్కువగా వస్తున్నది కాపలా కాసేవాళ్ల నుంచే. ఇంకొకటి: మొదటి సర్వేలో సిబ్బంది చేశారని చెప్పినవాళ్లలో దాదాపు 95 శాతం మంది ఆ సిబ్బంది ఆడవాళ్లని చెప్పారు. మగపిల్లల మీద ఆడ ఉద్యోగులు. ఇది విని నవ్వేవాళ్లున్నారు, ‘అదృష్టవంతుడు’ అనేవాళ్లూ ఉన్నారు. పిల్లవాడి నోరు కుట్టేసేది ఆ నవ్వే. తనకు జరిగింది దాడి అని ఒప్పుకునేవాళ్లు చుట్టూ లేనప్పుడు వాడు ఎవరికి చెప్పుకుంటాడు?

అందుకే నియమాల్లో ఒక మాట స్పష్టంగా రాశారు. సిబ్బందికీ అక్కడున్న పిల్లలకీ మధ్య లైంగిక చర్య ఏదైనా సరే, పిల్లవాడు ‘ఒప్పుకున్నా’, ఒప్పుకోకపోయినా, అది లైంగిక దాడే. స్నానం చేస్తుంటేనో బట్టలు మార్చుకుంటుంటేనో పనిలేకుండా తొంగిచూడడం కూడా అందులోకే వస్తుంది. తలుపు తీయాలన్నా, ఫోన్ చేయనివ్వాలన్నా, ప్రవర్తన బాగుందని కోర్టుకు రాయాలన్నా ఎదుటి మనిషి దయే దిక్కు అయినప్పుడు ఒప్పుకోలు అనే మాటకు అర్థం లేదు.

ఒంటరిగా దొరకనివ్వకుండా

నివారణ అనగానే పోస్టర్లు, ప్రతిజ్ఞలు గుర్తొస్తాయి. నియమాల్లో అసలు బరువు వాటి మీద లేదు. ఎవరు ఎవరితో, ఎక్కడ, ఎంతసేపు ఒంటరిగా ఉంటారన్న దాని మీద ఉంది.

తాళాలు వేసి ఉంచే పిల్లల సంస్థల్లో మెలకువగా ఉండే వేళల్లో ప్రతి 8 మందికీ ఒక ఉద్యోగి, నిద్రవేళల్లో ప్రతి 16 మందికీ ఒకరు ఉండాలి. ఈ ఒక్క నియమానికి 2017 అక్టోబరు దాకా గడువిచ్చారు, ఎందుకంటే డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే. నోటీసు బోర్డు అంటించడానికి ఎవరికీ గడువు అక్కర్లేదు. ఉద్యోగులు చాలక ఒక్కరే రెండు షిఫ్టులు చేస్తున్న చోట, రాత్రి రెండు గంటలకు ఒక బ్లాకు మొత్తానికీ ఒక్కడే మిగిలాడంటే, మిగతా నియమాలన్నీ కాగితం మీదే ఉన్నట్టు లెక్క.

పిల్లల ఒళ్లు తడిమే సోదా అదే లింగానికి చెందిన సిబ్బందే చేయాలి, నిజంగా అత్యవసరమైతే తప్ప. ఎదుటి లింగానికి చెందిన ఉద్యోగి పిల్లలుండే విభాగంలోకి అడుగుపెట్టేటప్పుడు గట్టిగా చెప్పి రావాలి. కెమెరాలు కూడా ఉపయోగమే, కానీ వాటి మీద నాకు అంత భ్రమ లేదు. కెమెరాకు ఏ మూల కనబడదో అందరికంటే ముందు తెలిసేది అక్కడ రోజూ పనిచేసే మనిషికే.

దాడికి ముందు చాలా రోజులు ఇంకో పని జరుగుతుంది. మచ్చిక చేసుకోవడం. ఒకడికే అదనంగా తినడానికేదో ఇవ్వడం, దొంగచాటుగా ఫోన్ వాడుకోనివ్వడం, తన ఇంటి గొడవలు చెప్పుకోవడం, ‘మన మధ్యే ఉండాలి’ అనడం. పిల్లవాడు రూలు తప్పి ఒకటి తీసుకున్నాడంటే ఇక ఫిర్యాదు చేస్తే తనకే శిక్ష పడుతుందని భయం. ఇలాంటి గుర్తులు సిబ్బందికి ట్రైనింగ్‌లో నేర్పాలి, రెండేళ్లకోసారి మళ్లీ చెప్పాలి. తోటి ఉద్యోగి మీద అనుమానం వచ్చినా సరే వెంటనే రిపోర్టు చేయడం వాళ్ల డ్యూటీ. కళ్లారా చూసేదాకా ఆగడానికి వీల్లేదు.

కొత్తగా వచ్చిన పిల్లవాడికి 72 గంటల్లోగా ఒక అంచనా వేయాలి: వీడి మీద దాడి జరిగే ప్రమాదముందా, వీడు ఎవరి మీదైనా చేసే ప్రమాదముందా. ఇంతకుముందు దాడికి గురైనవాళ్లు, మానసిక వైకల్యం ఉన్నవాళ్లు, స్వలింగ ఆకర్షణ ఉన్న, ట్రాన్స్‌జెండర్ పిల్లలు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. అంచనా వేశాక ఏం చేయాలన్నది అసలు చిక్కు. సులువైన దారి, ఆ పిల్లవాణ్ణే తీసుకెళ్లి ఒంటరి గదిలో పెట్టడం. ‘నీ మంచికే’ అంటారు. పద్నాలుగేళ్లవాడికి ఒంటరి గది రక్షణలా అనిపించదు, శిక్షలా అనిపిస్తుంది. నోరు తెరిస్తే ఇదీ గతి అని పక్కవాళ్లకు కూడా అర్థమైపోతుంది. అందుకే వేరే దారి ఏదీ లేనప్పుడే, అదీ ఇంకో ఏర్పాటు అయ్యేదాకే వేరుగా ఉంచాలని నియమం. అప్పుడు కూడా చదువు, రోజూ వ్యాయామం ఆపకూడదు.

మాట బయటికి వెళ్లే దారులు

ఇక ఫిర్యాదు. సంస్థ లోపల ఒకటి కంటే ఎక్కువ దారులు ఉండాలి. వాటితో పాటు ఆ సంస్థకు ఏ సంబంధం లేని బయటి ఆఫీసుకు చెప్పుకునే దారి కనీసం ఒకటి ఉండాలి. పేరు చెప్పకుండా కూడా చెప్పొచ్చు. నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, ఇంకెవరితోనో చెప్పించినా సిబ్బంది తీసుకోవాల్సిందే. రాసుకోవడానికి కావలసినవి పిల్లవాడికి అందుబాటులో ఉండాలని కూడా రాశారు. ఇది చదివినప్పుడు మొదట వింతగా అనిపించింది, చట్టంలో పెన్సిలు సంగతేమిటని. తర్వాత తట్టింది. తాళం వేసిన గదిలో పెన్సిలు కూడా అడిగి తీసుకోవాల్సిన వస్తువే. ఎందుకని అడుగుతారు. ఏం చెప్పాలి?

ఈ దారులన్నీ ఉన్నాయని పిల్లవాడికి తెలియాలి కదా. వచ్చిన రోజే క్లుప్తంగా, 10 రోజుల్లోగా వివరంగా, వయసుకు తగ్గ భాషలో చెప్పాలి. ఇంగ్లిష్ రానివాడికి, చెవులు వినబడనివాడికి, చదవలేనివాడికి అర్థమయ్యేలా చెప్పాలి. మామూలుగా తోటి పిల్లవాణ్ణి దుబాసీగా వాడుకోకూడదు. ఆ పది రోజుల గడువు నాకు మింగుడుపడదు. చాలామంది డిటెన్షన్ నుంచి అంతకన్నా ముందే వెళ్లిపోతారు, పైగా కొత్తచోట మొదటి రాత్రులే కదా భయం.

వీటి వెనక ఒక పాత చట్టం తలనొప్పి ఉంది. 1996లో వచ్చిన చట్టం ప్రకారం ఖైదీ ఎవరైనా లోపలి పరిస్థితుల మీద ఫెడరల్ (కేంద్ర) కోర్టుకు వెళ్లాలంటే ముందు సంస్థలోపల ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కి రావాలి. గడువు దాటితే, ఒక ఫారం తప్పితే, కేసు కొట్టేయొచ్చు. ఇది పిల్లలకు కూడా వర్తిస్తుంది. దాడి జరిగిన పదిహేనేళ్లవాడు నిర్ణీత రోజుల్లోగా సరైన ఫారం నింపి, సరైన పెట్టెలో వేశాడా అన్నది కోర్టులో వాదన అవుతుంది! దీనికి విరుగుడుగా ప్రియా నియమాల్లో, లైంగిక దాడి ఫిర్యాదుకు సంస్థ ఎలాంటి గడువూ పెట్టకూడదన్నారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే ఆ కాగితం ఇవ్వమనకూడదు. ముందు మాట్లాడి రాజీ చేసుకోమనకూడదు. 90 రోజుల్లో తుది జవాబు ఇవ్వాలి. ఇప్పుడే ముప్పు ఉందని చెబితే 48 గంటల్లో మొదటి స్పందన, 5 రోజుల్లో నిర్ణయం. తల్లిదండ్రులు పిల్లవాడి తరఫున ఫిర్యాదు వేయొచ్చు, వాడు ఒప్పుకోవాలన్న షరతు కూడా లేదు. లాయరుతో, తల్లిదండ్రులతో కలవడానికి, మాట్లాడడానికి వీలు కల్పించాలి.

నా లెక్కలో కాగితాలన్నిటికన్నా పనికొచ్చేది ఈ చివరి వాక్యమే. చాలామంది పిల్లలు ఫిర్యాదుల కోసం పెట్టిన హాట్‌లైన్‌కు ఫోన్ చేయరు. నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుంటే, అదీ మూడో నాలుగో సారి, ఏదో మాటల మధ్యలో చెబుతారు. ములాఖత్‌లు తగ్గించేసి, గోడ మీద హాట్‌లైన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిన సంస్థ నియమం పాటించినట్టు కనిపిస్తుంది, పిల్లవాడికి మాత్రం దారి మూసుకుపోయినట్టే.

చెప్పాక ఏమవుతుంది

చెప్పిన వెంటనే జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ పిల్లవాణ్ణీ ఆరోపణ వచ్చిన మనిషినీ వేరు చేయాలి. ఘటన జరిగిన చోటును కదపకుండా కాపాడాలి. ఆధారాలు సేకరించే వ్యవధి ఇంకా ఉంటే స్నానం చేయొద్దని, బట్టలు మార్చుకోవద్దని, పళ్లు తోముకోవద్దని పిల్లవాడికి నెమ్మదిగా చెప్పాలి. ఫోరెన్సిక్ వైద్య పరీక్ష ఉచితం. తోడుగా బయటి సహాయ సంస్థ మనిషిని పిలిపించే ప్రయత్నం చేయాలి. తల్లిదండ్రులకు చెప్పాలి, చెప్పకూడదని అధికారిక కాగితం ఉంటే తప్ప. పిల్లలపై దాడుల్ని రిపోర్టు చేయాలన్న రాష్ట్ర చట్టం విడిగా ఎలాగూ ఉంది. పిల్లవాడు ఇంతకుముందు ఉన్న ఇంకో సంస్థలో జరిగిందని చెబితే, 72 గంటల్లోగా ఆ సంస్థ అధిపతికి తెలియజేయాలి.

దర్యాప్తు దగ్గర ఒక నియమం చాలా ఆలోచించి రాసినట్టు కనిపిస్తుంది. పిల్లవాడు మాట మార్చుకున్నాడన్న ఒక్క కారణంతో దర్యాప్తు ఆపకూడదు. నిందితుడు ఉద్యోగం మానేశాడనీ ఆపకూడదు. లోపల ఉన్నవాళ్లు మాట మార్చుకోవడానికి కారణాలు ఎన్నో. రాజీనామా చేయించి ఫైలు మూసేయడం ఎంత పాత అలవాటో పయోట్‌లో చూశాం. ఫిర్యాదు చేసిన పిల్లవాడి మీద, చేసిన ఉద్యోగి మీద పగ తీర్చుకుంటున్నారేమో కనీసం 90 రోజులు కనిపెట్టి ఉండాలి. పగ అంటే కొట్టడమే కాదు. గది మార్చేస్తారు. చిన్న తప్పులకు రాతపూర్వక హెచ్చరికలు పెరుగుతాయి. ఉద్యోగికైతే షిఫ్టులు మారిపోతాయి.

దర్యాప్తు చివర మూడు మాటల్లో ఒకటి రాస్తారు. జరిగిందని తేలింది. జరగలేదని తేలింది. లేదా జరిగిందనీ జరగలేదనీ తేల్చలేకపోయాం. ఈ మూడోదాన్ని ‘అబద్ధపు ఫిర్యాదు’గా చదివేవాళ్లు చాలామంది, అధికారుల్లో కూడా. సాక్షి లేని గదిలో, కెమెరా లేని మూలలో జరిగిన దానికి ఆధారం చాలకపోవడం వేరు, జరగకపోవడం వేరు. ఫలితం ఏదైనా పిల్లవాడికి చెప్పాలి. నిజమేనని నమ్మి చేసిన ఫిర్యాదు రుజువు కాలేదని వాణ్ణి శిక్షించకూడదు.

దీంతో ముడిపడినదే ఇంకో తిరకాసు. ఒక సంస్థలో ఏడాదికి 20 ఫిర్యాదులు, పక్క సంస్థలో సున్నా. ఏది నయం? సున్నా చూడగానే మెచ్చుకోబుద్ధవుతుంది. నేనైతే ముందు ఆ సున్నా దగ్గరికే వెళ్తాను. పిల్లలు, తాళాలు, షిఫ్టులు ఉన్నచోట ఒక్క ఫిర్యాదూ లేదంటే, అంతా బాగున్నా ఉండొచ్చు, చెప్పినా ఎవరూ వినరని పిల్లలకు తెలిసిపోయి ఉండొచ్చు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఎవరు చూస్తారు

ప్రతి సంస్థకూ మూడేళ్లకోసారి ఆడిట్. ఆడిటర్లకు అర్హత ఇచ్చేది కేంద్ర న్యాయశాఖ, కానీ వాళ్లను ఎంచుకుని డబ్బిచ్చేది ఆ సంస్థలే. వచ్చే తేదీ ముందే తెలుసు. పిల్లలు ఆడిటర్‌కు రహస్యంగా ఉత్తరం రాసుకునే వీలుండాలని ముందుగానే నోటీసు అంటిస్తారు మరి. ఉత్తరం రాసే వీలు మంచిదే, అదే నోటీసు గోడలకు రంగులు వేసుకునే వ్యవధి కూడా ఇస్తుంది.

నియమాలు పాటించకపోతే? రాష్ట్రానికి వచ్చే కేంద్ర నిధుల్లో కొన్నిటిలో 5 శాతం కోత. మొదటి ఏళ్లలోనైతే ఆ మొత్తాన్ని నియమాల అమలుకే ఖర్చు పెడతామని గవర్నర్ హామీ ఇచ్చినా సరిపోయేది. ఇందాక చెప్పిన తేడా ఇక్కడే కాలికి తగులుతుంది. గవర్నర్ ధ్రువీకరించేది రాష్ట్ర ప్రభుత్వం నడిపే సంస్థల గురించి. కౌంటీ నడిపే డిటెన్షన్ సెంటర్లు ఆ లెక్కలోకి రావు. పైగా ప్రియా కింద బాధితుడు నేరుగా దావా వేసే హక్కు లేదని కోర్టులు చెబుతూ వచ్చాయి. రాజ్యాంగ హక్కుల కింద, రాష్ట్ర చట్టాల కింద వేసుకోవాలి.

అలా వేసినవాళ్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. న్యూ హాంప్‌షైర్‌లో 1990ల్లో పిల్లవాడిగా ప్రభుత్వ కేంద్రంలో ఉన్న ఒకాయనకు 2024 మేలో జ్యూరీ 3.8 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. చట్టప్రకారం ఒక్కో ఘటనకు పరిమితి 4 లక్షల 75 వేల డాలర్లేనని, అంతకు మించి ఇవ్వక్కర్లేదని రాష్ట్రం వాదించింది. ఆ ఒక్క రాష్ట్రంలోనే దావాలు వెయ్యి దాటాయి. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ కౌంటీ 6,800కు పైగా దావాలకు కలిపి 400 కోట్ల డాలర్ల ఒప్పందానికి ఒప్పుకుంది. జువైనల్ కేంద్రాలు, కౌంటీ తన సంరక్షణలోకి తీసుకున్న పిల్లల ఆశ్రయాలు కలిపి, ఆరోపణలు 1959 దాకా వెనక్కి వెళ్తాయి. వాటిలో కొన్ని కల్పితమన్న అనుమానాలు కూడా తర్వాత బయటికొచ్చాయి. అరవై ఏళ్ల కిందటి ఆరోపణలో నిజమేదో కల్పితమేదో ఇప్పుడు విడదీయాలంటే ఎంత కష్టమో ఊహించొచ్చు. ఆ రోజు ఆ మాట రాసుకునే మనిషి ఒకరుంటే ఇప్పుడింత కష్టం ఉండేది కాదు. మేరీల్యాండ్ 2023లో పాత దావాలకు గడువు పూర్తిగా ఎత్తేసింది, వేల కేసులు వచ్చిపడేసరికి 2025లో పరిహారం పరిమితిని సగానికి పైగా తగ్గించేసింది.

టెక్సస్ సంగతి చెప్పకుండా వదలలేను. 2007 గొడవ తర్వాత ఆ రాష్ట్రం స్వతంత్ర అంబుడ్స్‌మన్‌ను, అంటే శాఖకు బయట ఉండి ఫిర్యాదులు చూసే అధికారిని, పెట్టింది. తర్వాత పాత శాఖను రద్దు చేసి కొత్త శాఖ తెచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర న్యాయశాఖ అక్కడి ఐదు సంస్థల మీద విచారణ నివేదిక ఇచ్చింది. మితిమీరిన బలప్రయోగం, రోజుల తరబడి ఒంటరి గదులతో పాటు పిల్లల్ని లైంగిక దాడుల నుంచి కాపాడలేకపోవడం కూడా అందులో ఉంది. ఆ సంస్థలకు ఆడిట్లు జరగలేదా అంటే, జరిగాయి.

ఆడిటర్ వచ్చినప్పుడు చేయాల్సిన పనుల్లో ఒకటి, పిల్లలుండే బ్లాకులో గోడకున్న ఫోన్ ఎత్తి ఆ హాట్‌లైన్ నంబరు తానే తిప్పి చూడడం. మోగుతుందా, పాస్‌కోడ్ అడుగుతుందా, అవతల మనిషి ఎత్తుతాడా, మెషీన్ ఎత్తుతుందా, రికార్డు అవుతోందని ముందే గొంతు వినిపిస్తుందా. ఆ ఫోన్ పట్టుకున్నప్పుడు గార్డు కుర్చీ ఎన్ని అడుగుల దూరంలో ఉందో కూడా అక్కడ నిలబడితేనే కనిపిస్తుంది.